ఓరచూపు గురి ఎంత? ఇంట్లోనే కొలుచుకునే పద్ధతి

నిరుడు ఎండాకాలం చిక్కడపల్లిలో మా సందు మలుపు దగ్గర నా స్కూటర్ హ్యాండిల్ వెళ్లి, ఆపి ఉన్న ఓ బైకు అద్దానికి తగిలింది. అద్దం పగిలింది, డబ్బులు ఇచ్చాను, ఆ గొడవ అక్కడితో తీరింది. తీరనిది మా అక్క కూతురి ప్రశ్న. ఇంటర్ చదువుతోంది, వెనక సీట్లో కూర్చుని ఉంది. "బైకు నీకు కనపడలేదా మామయ్యా?" అంది. కనపడకేం? ముందున్న ఆటో మీద చూపు పెట్టి, ఓరకంట ఆ బైకును గమనిస్తూనే ఉన్నాను. మధ్యలో జానెడు సందు ఉందనుకున్నాను. లేదు.

పక్కన ఒక వస్తువు ఉందని తెలియడం వేరు, అది సరిగ్గా ఎక్కడుందో తెలియడం వేరు. మొదటి పనికి ఓరచూపు బాగానే పనికొస్తుంది. కదిలేదేదైనా ఉంటే ఇంకా చురుగ్గా పట్టేస్తుంది. రెండో పనిలో మాత్రం మనం అనుకునేదానికన్నా చాలా మొద్దు. ఎంత మొద్దు అన్నది ఇంట్లోనే, మిల్లీమీటర్లలో కొలవచ్చు. ఆ ప్రశ్న వేసిన పిల్లనే తోడు కూర్చోబెట్టుకుని నేను చేసిన పద్ధతి ఇది. మీకూ ఒక తోడు కావాలి, రెండు పూటల ఖాళీ కావాలి. ఖర్చు చార్టుకీ స్టిక్కర్లకీ అయ్యేదే.

ముందు కాస్త లెక్క

చూపులో దూరాలను డిగ్రీల్లో చెబుతారు. చేయి బారుగా చాచి బొటనవేలు ఎత్తి చూస్తే దాని వెడల్పు సుమారు 2 డిగ్రీలు. అదే దూరంలో పిడికిలి సుమారు 10 డిగ్రీలు. సూటిచూపుకు పదును ఇచ్చే ఫోవియా అనే చిన్న గుంట, ఆ బొటనవేలంత మేరనే చూస్తుంది. మిగతాదంతా ఓరచూపే. ఒక్క కన్నుతో చూస్తే బయటి వైపు 90 డిగ్రీలు దాటి, ముక్కు వైపు సుమారు 60 డిగ్రీల దాకా ఈ ఓరచూపు పరుచుకుని ఉంటుంది.

కన్ను నుంచి 57 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గోడ మీద ఒక సెంటీమీటరు, కంటికి ఒక డిగ్రీ అవుతుంది. 57 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీస్తే దాని చుట్టుకొలత దాదాపు 360 సెంటీమీటర్లు కాబట్టి ఈ సదుపాయం. చూపును కొలిచే ల్యాబుల్లో చాలామంది స్క్రీనును ఇంత దూరంలోనే పెట్టుకునేది ఇందుకే. బల్లపరుపు చార్టు మీద మరీ పక్కకు వెళితే లెక్క కొద్దిగా తప్పుతుంది. 20 సెంటీమీటర్ల దగ్గర నిజంగా ఉండేది 19.3 డిగ్రీలు. మన పనికి ఆ తేడా లెక్కలోకి రాదు.

సామాను

తెల్ల చార్టు ఒకటి. దాని వెనక ఒత్తుగా ఉండటానికి పెద్ద అట్ట (ఆన్‌లైన్ డెలివరీ డబ్బా విప్పితే సరిపోతుంది). నల్ల బొట్టు స్టిక్కర్ల అట్ట ఒకటి, 5 మిల్లీమీటర్ల సైజువి. బ్లేడు, మిల్లీమీటర్ల స్కేలు, దారం, గ్రాఫ్ పేపరు, ఒక స్టీలు డబ్బా, గడ్డం ఆనించుకోవడానికి లావుపాటి పుస్తకాలు. మా ఇంట్లో పాత ఎంసెట్ గైడ్లు ఇన్నాళ్లకు ఇందుకు అక్కరకొచ్చాయి.

బోర్డు తయారీ

చార్టును అడ్డంగా అట్టకు అంటించండి. సరిగ్గా నడిమధ్యన మీ 'గురి' వస్తుంది. అక్కడికి 5 సెంటీమీటర్లు పైన ఒక స్టిక్కరు, 5 సెంటీమీటర్లు కింద ఒక స్టిక్కరు అంటించండి. ఈ రెండూ కదలవు. వీటి మధ్యలోకి వచ్చే మూడో స్టిక్కరు మాత్రం అడ్డంగా జరగాలి. అది ఈ రెండింటి వరుసలో ఉందో, పక్కకు తప్పిందో ఓరకంట చూసి చెప్పడమే పరీక్ష. అందుకోసం 2 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు ఉన్న చార్టు పట్టీ కత్తిరించి, దాని మధ్యలో స్టిక్కరు పెట్టండి. బోర్డులో గురికి ఇటూ అటూ రెండు నిలువు చీలికలు బ్లేడుతో కోసి, పట్టీని ఒక చీలికలోంచి ముందుకు తెచ్చి రెండో దాంట్లోంచి వెనక్కి పంపండి. ఇప్పుడు వెనక కూర్చున్న మనిషి పట్టీని లాగితే ముందు చుక్క జరుగుతుంది.

ఈ చీలికలు గురికి సమాన దూరంలో ఉండకూడదు. ఒకటి 3 సెంటీమీటర్లు ఎడమకు, ఇంకొకటి 2 సెంటీమీటర్లు కుడికి కోయండి. సమానంగా కోస్తే మెదడు పై చుక్కనూ కింది చుక్కనూ వదిలేసి, 'రెండు చీలికలకూ మధ్యలో ఉందా లేదా' అని చూసుకుంటుంది. అప్పుడు మీరు కొలిచేది వేరే పని అవుతుంది. మేం మొదట సమానంగానే కోశాం. ఫలితం మరీ బాగా రావడంతో అనుమానం వచ్చి రెండో చార్టు తెచ్చుకున్నాం.

కింద తాళంచెవి కట్టిన దారాన్ని పై చుక్క మీదుగా వేలాడదీసి, మూడు చుక్కలూ ఒకే నిలువు గీతలోకి వచ్చేలా పట్టీని సర్దండి. అదే సున్నా. ఆ స్థితిలో పట్టీ వెనక తోక మీద ఒక గీత, దాని ఎదురుగా అట్ట మీద ఒక గీత పెట్టి, పట్టీ మీద మిల్లీమీటర్లు గుర్తించుకోండి. బోర్డు వెనక కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకని ఆ పదాలే వాడకండి. చూపు నిలిపిన చోటు వైపు జరిగితే 'లోపల', దానికి దూరంగా జరిగితే 'బయట' అనండి. పట్టీ వెనక కూడా ఇవే రాసుకోండి. లోపలికి మైనస్, బయటికి ప్లస్.

ఇక చూపు నిలపాల్సిన గుర్తు. చిన్న వలయం గీసి అందులో ప్లస్ గుర్తు వేయండి. ఒట్టి చుక్క కన్నా దీని మీద కన్ను తక్కువగా కదులుతుంది. కుడి కన్నుతో చేస్తున్నారు కాబట్టి, గురికి 10 సెంటీమీటర్లు ఎడమగా, అదే ఎత్తులో దీన్ని అంటించండి. తీసి మార్చుకునేలా చిన్న కాగితం మీద గీసుకుంటే మేలు. తర్వాత 5 సెంటీమీటర్ల దగ్గరా 20 సెంటీమీటర్ల దగ్గరా ఇదే వాడాలి. చీలికలను కదల్చక్కర్లేదు, ఈ గుర్తును జరిపితే చాలు.

కూర్చోవడం

బోర్డును గోడకు కాకుండా టేబుల్ అంచున నిలబెట్టండి, వెనక మనిషికి చోటు కావాలి కదా. గడ్డం పుస్తకాల మీద ఆనించి, కన్ను ప్లస్ గుర్తుకు ఎదురుగా, అదే ఎత్తులో ఉండేలా చూసుకోండి. 57 సెంటీమీటర్ల దారంతో బోర్డు నుంచి కంటి కొలకు దాకా కొలవండి. ఎడమ కంటిని తెల్ల గుడ్డతో, నొక్కకుండా, మూసేయండి. కళ్లద్దాలు ఉంటే పెట్టుకునే చేయండి. ఫ్రేము అంచు చుక్కలకు అడ్డం రాకుండా ఉంటే చాలు.

ట్యూబులైటు వెలుతురు బోర్డంతా సమానంగా పడాలి. కిటికీ పక్కన కూర్చుంటే చీలికల నీడలు పడతాయి. ఫ్యాను ఆపేయాలి. పట్టీ ఊగడం ఒక ఇబ్బంది, తిరిగే రెక్కల కదలిక ఓరచూపును లాగేయడం ఇంకో ఇబ్బంది. మే నెలలో హైదరాబాదులో ఫ్యాను లేకుండా అరగంట కూర్చోమంటే ఎవరూ కూర్చోరు. మేం పొద్దున్న ఆరింటికి చేశాం.

కన్ను చేసే మోసాన్ని పట్టుకోవడం

ఈ ప్రయోగం చెడిపోయిందంటే నూటికి తొంభై పాళ్లు ఇక్కడే చెడిపోతుంది. ప్లస్ మీదే చూస్తున్నానని మీరు ప్రమాణం చేస్తారు, కన్ను మాత్రం ఒక్క క్షణం చుక్క వైపు దూకి వచ్చేస్తుంది. అది మీకే తెలియదు. మామూలుగా చూసేటప్పుడు కన్ను సెకనుకు మూడు నాలుగు సార్లు ఇలా దూకుతూనే ఉంటుంది, ఆ అలవాటు అంత తేలిగ్గా పోదు. దీనికి కాపలా కావాలి. ఆ కాపలాదారు మీ కంట్లోనే ఉంది: అంధచుక్క.

కంటి నరం రెటీనాను, అంటే కంటి వెనక ఉండే వెలుతురు పొరను, దాటి బయటికి వెళ్లే చోట వెలుతురును పట్టే కణాలు ఉండవు. ఫ్రాన్సుకు చెందిన ఎడ్మ్ మారియట్ 17వ శతాబ్దంలో దీన్ని బయటపెట్టాడు. చూపు నిలిపిన చోటు నుంచి సుమారు 15 డిగ్రీలు బయటి వైపు, కాస్త కిందుగా ఉంటుంది. వెడల్పు అయిదారు డిగ్రీలు, ఎత్తు ఏడెనిమిది డిగ్రీలు. అంటే మన బోర్డు మీద కోడిగుడ్డంత మేర మీకు కనిపించదు.

దాన్ని ఇలా వెతకండి. పెన్ను మూత చివర ఒక నల్ల స్టిక్కరు అంటించండి. మీరు ప్లస్ మీదే చూస్తూ ఉండండి. మీ తోడు ఆ స్టిక్కరును ప్లస్‌కు కుడివైపు 8 సెంటీమీటర్ల నుంచి, గురి గీతకు రెండున్నర సెంటీమీటర్లు కిందుగా, నెమ్మదిగా బయటికి జరపాలి. అది మాయమైన చోట పెన్సిలుతో గుర్తు పెట్టాలి. నాలుగైదు సార్లు చేసి సగటు తీసుకోండి. మాయమయ్యే ఆ లోపలి అంచు దాటాక ఓ 7 మిల్లీమీటర్లు బయటికి జరిగి, అక్కడ ఒక స్టిక్కరు శాశ్వతంగా అంటించేయండి. పట్టీకి అది కాస్త దిగువన వస్తుంది కాబట్టి అడ్డం రాదు.

మధ్యలో కాకుండా లోపలి అంచు దగ్గరే ఎందుకు పెట్టాలంటే, కన్ను మోసం చేస్తే గురి వైపు, అంటే బయటికే జరుగుతుంది. కన్నుతో పాటు అంధచుక్క కూడా బయటికి జరుగుతుంది. అప్పుడు లోపలి అంచున దాక్కున్న స్టిక్కరు ఠక్కున బయటపడుతుంది. మధ్యలో పెడితే కన్ను రెండు డిగ్రీలు కదిలినా అది దాగే ఉంటుంది, కాపలాదారు నిద్రపోయినట్టే. 'కనిపించింది' అని మీరు చెప్పిన ప్రతిసారీ ఆ ప్రయత్నాన్ని కొట్టేసి, దాని చీటీని (చీటీల సంగతి కింద చెబుతాను) మళ్లీ డబ్బాలో వేయండి. కంటి ఆసుపత్రుల్లో చూపు వైశాల్యం కొలిచే యంత్రాలు కూడా ఇదే కిటుకు వాడతాయి. మధ్యమధ్య అంధచుక్కలో ఒక వెలుగు వేస్తాయి, మీరు బటన్ నొక్కారో, కన్ను కుదురుగా లేదని రాసుకుంటాయి.

ప్లస్‌ను 5కో 20కో మార్చినప్పుడు అంధచుక్క కూడా జరుగుతుంది. కాపలా స్టిక్కరును మళ్లీ వెతికి పెట్టాలి. విసుగు పుడుతుంది కానీ వదిలేయొద్దు.

అసలు పరీక్ష

−6, −4, −2, 0, +2, +4, +6 అని ఏడు విలువలు, ఒక్కొక్కటి పది చీటీలు. మొత్తం 70 చీటీలు స్టీలు డబ్బాలో వేసి బాగా కలపండి. తోడుగా ఉన్నవారు ఒక చీటీ తీసి, చుక్కల ముందు తెల్ల కాగితం అడ్డం పెట్టి, చీటీలో ఉన్న మిల్లీమీటర్లకు పట్టీని జరపాలి. చుక్క జరగడం మీ కంట పడకూడదు. ఓరచూపుకు కదలిక అంటే మహా చురుకు, ఏ వైపు కదిలిందో చూసేసి జవాబు చెప్పేస్తుంది. తర్వాత కాగితం తీసి, ఒక్క సెకను చూపించి, మళ్లీ మూసేయాలి. మీరు 'లోపల' అనో 'బయట' అనో చెప్పాలి.

'తెలీదు' అనకూడదు. ఏదో ఒకటి చెప్పి తీరాలి. మా మేనకోడలు మొదట్లో ఊరికే 'తెలీట్లేదు, ఊరికే అనేస్తున్నా' అంటూ ఉండేది. లెక్క వేశాక చూస్తే ఊరికే అన్నవాటిలో కూడా సగానికన్నా ఎక్కువే సరైనవి. కంటికి తెలిసింది మనకు తెలియనట్టు అనిపించడం ఇక్కడ మామూలే.

వెనక కూర్చున్నవారు నోరు మెదపకూడదు. 'అబ్బ', 'ఊఁ', 'కరెక్ట్' ఏవీ వద్దు. నిట్టూర్పు కూడా వద్దు. మొదటి ఇరవై ప్రయత్నాలు లెక్కలోకి రాకుండా అలవాటు కోసం చేసేయండి. చోటు గుర్తుపట్టే ఈ పని సాధనతో మెరుగుపడుతుంది కాబట్టి, అవి కలిపితే లెక్క పాడవుతుంది. ఇరవైకోసారి కాస్త విరామం ఇవ్వండి. రెప్పలు మామూలుగా ఆర్పుతూ ఉండండి. ఒకేచోట గుడ్లప్పగించి చూస్తే పక్క చుక్కలు మెల్లగా కరిగి మాయమవుతాయి. స్విట్జర్లాండుకు చెందిన ట్రాక్స్‌లర్ అనే వైద్యుడు 1804లోనే రాసిన సంగతి ఇది. మీ కంటికి ఏదో అయిందని టెన్షన్ పడకండి.

లెక్క వేయడం

గురి తప్పడం రెండు రకాలు. గోలీలాటలో ఒకడి గోలీలన్నీ గుంటకు ఎడమగానే పడుతుంటాయి, కానీ ఒకే చోట. వాడి చెయ్యి వాలుతోంది. ఇంకొకడివి గుంట చుట్టూ నలువైపులా పడతాయి. వాడి చెయ్యి చెదురుతోంది. ఓరచూపులో వాలు ఎంత, చెదురు ఎంత అన్నది విడివిడిగా తీయాలి. ఒకటి కొలిచి రెండోది అనుకోవడం వల్లే చాలామంది ఇక్కడ పొరపాటు పడతారు.

ఒక్కో విలువకు పదిసార్లలో ఎన్నిసార్లు 'బయట' అన్నారో రాయండి. లెక్క చూపడానికి ఇలా వచ్చాయనుకుందాం: −6 దగ్గర 0, −4 దగ్గర 1, −2 దగ్గర 2, 0 దగ్గర 4, +2 దగ్గర 7, +4 దగ్గర 9, +6 దగ్గర 10. గ్రాఫ్ పేపరు మీద ఈ చుక్కలు పెట్టి కలపండి. సగానికి సగం, అంటే అయిదు దగ్గర గీత ఎక్కడ తాకుతుందో చూడండి. 0కూ +2కూ మధ్యన, +0.7 మిల్లీమీటర్ల దగ్గర తాకుతుంది. అది వాలు. చుక్క నిజంగా 0.7 మిల్లీమీటర్లు బయట ఉంటేనే ఈ మనిషికి వరుసలో ఉన్నట్టు కనిపిస్తోందన్నమాట.

ఇప్పుడు రెండున్నర, ఏడున్నర దగ్గర తాకే చోట్లు చూడండి. −1.5, +2.5. వీటి మధ్య దూరం 4 మిల్లీమీటర్లు, అందులో సగం 2. ఇదే చెదురు. 57 సెంటీమీటర్ల దగ్గర 2 మిల్లీమీటర్లంటే 0.2 డిగ్రీ. చూపు నిలిపిన చోటు నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో 2 మిల్లీమీటర్లు కాబట్టి, నూటికి 2 పాళ్లు.

ఒక జాగ్రత్త. పదేసి ప్రయత్నాలతో వచ్చిన అంకె గట్టిది కాదు. నిజంగా సగం సగం అయినా, పదిలో 3 రావచ్చు, 7 రావచ్చు. గ్రాఫు ఒక చోట వంకరగా ఎక్కి దిగితే దానికో కథ అల్లకండి. ఇంకో పూట మరో 70 చేసి కలపండి.

ఇదే పరీక్ష ప్లస్‌ను 5 సెంటీమీటర్ల దగ్గర పెట్టి చేయండి. అప్పుడు అడుగులు −3 నుంచి +3 దాకా, ఒక్కొక్క మిల్లీమీటరు. 20 దగ్గర −12 నుంచి +12 దాకా, నాలుగేసి మిల్లీమీటర్లు. చెదురు దాదాపు దూరంతో పాటే పెరుగుతూ పోవాలి. ఓరచూపులో చోటును గుర్తించే లోపం, చూపు నిలిపిన చోటు నుంచి ఉన్న దూరంలో నూటికి కొన్ని పాళ్లు ఉంటుందని చూపును కొలిచేవారు చాలాకాలంగా గమనిస్తున్నారు. 20 దగ్గర మీ లోపం 5 దగ్గరకన్నా తక్కువ వచ్చిందంటే కాపలా స్టిక్కరును ఒకసారి అనుమానించండి.

సూటిగా చూస్తూ కూడా కొలుద్దామంటారా? మూడు చుక్కలతో సరదాకు చేయొచ్చు. కానీ పక్కపక్కనే ఉన్న రెండు సన్నగీతలు ఒకే వరుసలో ఉన్నాయా లేదా అన్న పనిలో, సూటిచూపు కొన్ని సెకన్ల కోణాన్ని కూడా పట్టేస్తుంది. ఇక్కడ సెకను అంటే కాలం కాదు, డిగ్రీలో 3600వ వంతు. 5 సెకన్లంటే మన బోర్డు మీద 0.014 మిల్లీమీటరు, వెంట్రుక మందంలో అయిదో వంతు. కంట్లోని ఒక్కో కణం వెడల్పుకన్నా కూడా ఇది చిన్నది. గెరాల్డ్ వెస్ట్‌హైమర్ 1975లో దీనికి 'హైపర్ అక్యూటీ' అని పేరు పెట్టాడు. స్కేలూ బ్లేడూ పట్టుకుని దాని జోలికి వెళ్లడం దండగ.

ఇంత తేడా ఎందుకు

ఫోవియా నడుమన చదరపు మిల్లీమీటరుకు వెలుతురును పట్టే కోన్ కణాలు సుమారు 2 లక్షలు ఉంటాయి. 10 డిగ్రీలు పక్కకు వెళ్లేసరికి అందులో పదో వంతు కూడా ఉండవు. మెదడు వెనక భాగంలో చూపును మొదట అందుకునే పొరలోనూ పంపకం ఇలాగే ఉంది. నడిమి 10 డిగ్రీలకే దాదాపు సగం స్థలం పోతుంది, మిగిలిన విశాలమైన ఓరచూపంతా రెండో సగంలో సర్దుకోవాలి.

కానీ కణాలు తగ్గడం ఒక్కటే కారణమైతే అక్షరాల పదునూ చోటు గురీ ఒకే వేగంతో పడిపోవాలి. అలా జరగదు. సన్నటి గీతలను విడదీసి చూసే శక్తి, నడుమ నుంచి సుమారు రెండున్నర డిగ్రీలు జరిగితే సగమవుతుంది. వరుస తప్పిందో లేదో చెప్పే శక్తి ఒక డిగ్రీ కూడా జరగకముందే సగమైపోతుంది. డెన్నిస్ లెవీ, స్టాన్లీ క్లైన్, ఐట్సెబావోమో కలిసి 1985లో ప్రచురించిన కొలతలు దీన్ని మెదడు పొరలోని ఆ పంపకానికి ముడిపెట్టాయి. లెక్క వేస్తే 10 డిగ్రీల దగ్గర మొదటి శక్తి అయిదో వంతుకు, రెండోది పద్నాలుగో వంతుకు దిగిపోతాయి. చిక్కడపల్లిలో నేను బైకును బైకుగా గుర్తుపట్టగలిగి, దాని అద్దం ఎక్కడుందో తప్పు చెప్పడానికి మూలం ఇక్కడుంది.

పొరుగు పెట్టే పోరు

బోర్డు సిద్ధంగా ఉంది కాబట్టి ఇంకొకటి చేసి చూడండి. పట్టీ తీసేసి గురి దగ్గర రెండు సెంటీమీటర్ల ఎత్తున 'ధ' అని రాసిన ముక్క అంటించండి. 10 సెంటీమీటర్ల దూరం నుంచి ఓరకంట చదవండి. ఒంటరిగా ఉంటే చదవగలరు. ఇప్పుడు దానికి కుడి ఎడమల రెండున్నర సెంటీమీటర్ల దూరంలో వేరే అక్షరాలు పెట్టండి. అది 'ద'నో 'ధ'నో 'థ'నో తేల్చుకోలేరు. చుక్క ఉందనిపిస్తుంది, ఒత్తు ఉందనిపిస్తుంది, ఏది ఏ అక్షరానిదో అంతుబట్టదు. అక్షరం మసకబారలేదు. అందులోని భాగాల చోట్లు కలగాపులగమయ్యాయి. హెర్మన్ బౌమా 1970లో దీనికి ఒక అంచనా ఇచ్చాడు. చూపు నిలిపిన చోటు నుంచి అక్షరం ఎంత దూరంలో ఉందో, అందులో సగం దూరం లోపల పొరుగు అక్షరాలు ఉంటే ఇబ్బంది మొదలవుతుంది. 10 సెంటీమీటర్ల దగ్గర 5 సెంటీమీటర్లు. పరీక్షలో పై చుక్కనూ కింది చుక్కనూ అయిదేసి సెంటీమీటర్ల దూరంలో పెట్టమన్నది ఈ లెక్క చూసుకునే.

పొరుగు అక్షరాలను కుడి ఎడమల నుంచి తీసి పైనా కిందా అదే దూరంలో పెట్టి మళ్లీ చదవండి. ఇబ్బంది తగ్గుతుంది. చూపు నిలిపిన చోటుకూ అక్షరానికీ ఉన్న గీత మీద నిలబడ్డ పొరుగువాళ్లే ఎక్కువ పోరు పెడతారు.

బోర్డు చేసే ఓపిక లేనివాళ్లు అమీర్‌పేటలో మైత్రీవనం ఎదుట నిలబడండి. కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒక్క బోర్డు మీద చూపు నిలిపి, కళ్లు తిప్పకుండా పక్క బోర్డు చదవడానికి ప్రయత్నించండి. అక్కడ అక్షరాలు ఉన్నాయని తెలుస్తుంది, రంగు తెలుస్తుంది, జావానో పైథానో చెప్పలేరు. అదే సైజు అక్షరాలు ఖాళీ గోడ మీద ఒంటరిగా ఉంటే అంతే పక్కచూపుతో చదివేస్తారు. ఫుట్‌పాత్ మీద నిలబడి చేయండి, నడుస్తూ వద్దు.

పైనా కిందా

చార్టును నిలువుగా తిప్పి, ప్లస్‌కు పైన ఒకసారి, కింద ఒకసారి గురి పెట్టి ఇదే చేయవచ్చు. అడ్డంగా ఉన్న గురి నిలువుగా ఉన్నదానికన్నా మెరుగ్గా వస్తుంది. నిలువులో పైకన్నా కింద మెరుగు. కాపలా స్టిక్కరు మాత్రం ప్లస్‌కు కుడివైపునే ఉండాలి, అంధచుక్క చార్టుతో పాటు తిరగదు కదా. ఇక్కడ అది అంత గట్టి కాపలా కాదు, కన్ను పైకీ కిందికీ జారడాన్ని సరిగ్గా పట్టలేదు. అందుకే నిలువు ఫలితాలను నేను సగమే నమ్ముతాను.

కొంచెం ప్రోగ్రామింగ్ వచ్చిన పిల్లలు ఇంట్లో ఉంటే, సైకోపై అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో లాప్‌టాప్ మీద చుక్కను మెరిపించి చేయొచ్చు. 60 హెర్ట్జ్ తెర మీద 9 ఫ్రేములు, అంటే 150 మిల్లీసెకన్లు చూపిస్తే చాలు. కన్ను కొత్త చోటికి దూకడం మొదలుపెట్టడానికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, అది బయలుదేరేలోపే చుక్క మాయమవుతుంది, కాపలాదారుతో పనే లేదు. మెరిసిన చోటును తర్వాత మౌసుతో చూపించమంటే ఇంకో వింత బయటపడుతుంది. చాలామంది నిజమైన చోటుకన్నా కాస్త లోపలికి, చూపు నిలిపిన వైపు చూపిస్తారు. ఇది వాలు. ఎన్నిసార్లు చేసినా ఒకే వైపుకు పోతుంది.

రోడ్డు మీద

దయచేసి ఇవేవీ బండి నడుపుతూ ప్రయత్నించకండి. కానీ అంకెలు వచ్చాక రోడ్డు లెక్క ఒకటి వేసుకోవచ్చు. మన నూటికి 2 పాళ్ల ఉదాహరణ ఖాళీ తెల్ల చార్టు మీద, కుదురుగా కూర్చుని, రెండు స్థిరమైన చుక్కల సాయంతో వచ్చిందని గుర్తుంచుకోండి. సుల్తాన్ బజార్ సందులో తోపుడు బండ్లూ, గొడుగులూ, వేలాడే చున్నీలూ పొరుగున ఉంటాయి, మీరూ కదులుతుంటారు. అక్కడ ఆ అంకె అంత బాగా రాదు.

పోనీ కన్ను తిప్పి సూటిగా చూద్దామంటే, గంటకు 36 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 10 మీటర్లు పోతుంది. కన్ను దూకడానికి పట్టే ఆ 200 మిల్లీసెకన్లలో 2 మీటర్లు అయిపోతాయి. అందువల్ల సందు ఇరుకైన చోట నేను చేసేది ఒక్కటే: మలుపు రాకముందే వేగం తగ్గించి, హ్యాండిల్ దూరాల్సిన ఖాళీ వైపు ఒకసారి సూటిగా చూసి, మళ్లీ ముందుకు చూపు తిప్పుకోవడం. వెనక సీటు వాళ్లు 'ఇంత మెల్లగానా' అంటారు. అననీయండి.

ఎడమ కంటికి

ప్లస్‌ను గురికి కుడివైపుకు మార్చండి, కాపలా స్టిక్కరును ఎడమ వైపు కొత్తగా వెతకండి, చీలికల మూడూ రెండూ అలాగే ఉంచొచ్చు. పట్టీ మీద 'లోపల', 'బయట' తారుమారవుతాయి, కొత్తగా రాసుకోండి. రెండు కళ్ల అంకెలు కాస్త వేరుగా రావడం మామూలే.

అంధచుక్కను వెతికేటప్పుడు అది ఉండాల్సిన చోట కాకుండా వేరే ఎక్కడైనా స్టిక్కరు మాయమైతే, లేక ఒక కంటిలో ఆ ఖాళీ రెండో కంటిలోకన్నా బాగా పెద్దదిగా ఉంటే, ఈ బోర్డుతో ఏమీ తేల్చుకోవద్దు. గ్లకోమా అనే కంటి జబ్బులో ఓరచూపు నొప్పి లేకుండా, తెలియకుండానే చెదలు పట్టినట్టు పోతుంటుంది, దాన్ని కొలవడానికి పెరిమెట్రీ అనే పరీక్ష ఉంది. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికో, మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రికో వెళ్లి, చూపు వైశాల్యం పరీక్ష కావాలని అడగండి. అరగుండ్రటి గిన్నె లాంటి యంత్రంలో తల పెట్టి, నడుమన ఉన్న వెలుగునే చూస్తూ, పక్కన వెలుగు మెరిసినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. మీరు ఇంట్లో 70 చీటీలు చేసి ఉంటే అది మీకు చాలా తేలిగ్గా అనిపిస్తుంది.